పొడుపు కథ పనిదొంగ కాదు

పని దగ్గర పొడుపు కథ వేస్తే పని చెడుతుందన్న అభిప్రాయం మన చుట్టూ గట్టిగా పాతుకుపోయింది. నేలకొండపల్లి మండలంలో ఏ మిరప తోట గట్టు మీద నిలబడినా ఆ మాట చెవిన పడుతుంది: "ముచ్చట్లు ఆపి చేతులు ఆడించండి." ఊళ్ళోకి వస్తే అదే మాట ఆఫీసు బల్లల మధ్య, బడి స్టాఫ్ రూములో, బ్యాంకు కౌంటరు వెనకాల కాస్త మర్యాద కట్టుకుని వినిపిస్తుంది: "ఇదేమన్నా చిన్నపిల్లల బడా? పజిల్సు ఇంటి దగ్గర పెట్టుకోండి." ఇలా అనేవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. పొడుపు కథ పిల్లల ఆట అనీ, చదువురానివాళ్ళ కాలక్షేపం అనీ, కూలి తీసుకుంటూ పొద్దు గడిపే ఉపాయం అనీ వాళ్ళు మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. ఎవరూ ఎదురు చెప్పకపోవడంతో ఆ నమ్మకం నిజంగా చెలామణీ అవుతోంది. ఎదురు చెప్పడానికే ఈ వ్యాసం.

దీనికి తలకిందులుగా కనిపించే అభిప్రాయం ఒకటి నగరాల్లో ఉంది. పెద్ద కంపెనీల శిక్షణ తరగతుల్లో ఉద్యోగులను నలుగురేసి కూర్చోబెట్టి చిక్కు ప్రశ్నలు ఇస్తారు. ఉద్యోగానికి వచ్చిన కుర్రవాణ్ణి ఇంటర్వ్యూలో అలాంటి ప్రశ్నతోనే తూచి చూస్తారు. అక్కడ పజిల్ అంటే మెదడుకు వ్యాయామం, తెలివికి కొలబద్ద. తోటలో తప్పయిన పని ఏసీ గదిలో శిక్షణ అయింది. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు అభిప్రాయాలూ ఒకే పునాది మీద నిలబడి ఉన్నాయి. చిక్కు ప్రశ్న అనేది ఒక్క మనిషి బుర్రకు సంబంధించిన వ్యవహారమని రెండు పక్షాలూ అనుకుంటున్నాయి. ఆ బుర్రకు పని తప్పిపోతుందని ఒకరి భయం, ఆ బుర్ర ఎంత పదునుదో తేలుతుందని ఇంకొకరి ఆశ. ఇద్దరిదీ పొరపాటే. పొడుపు కథ పక్కపక్కన పనిచేసేవాళ్ళు కలిసి ఆలోచించే పద్ధతి. దాని ప్రయోజనం కూడా అక్కడే ఉంది.

ముందు పని చెడుతుందన్న ఆరోపణ సంగతి చూద్దాం. జనవరి వచ్చేసరికి ఖమ్మం జిల్లా మిరప తోటలు ఎర్రబడతాయి. అక్కణ్ణుంచి ఏప్రిల్ దాకా ఏరుడే ఏరుడు. ఊరి కూలీలు చాలక భద్రాచలం ఏజెన్సీ నుంచి, దాని అవతల ఛత్తీస్‌గఢ్ ఊళ్ళ నుంచి ముఠాలు దిగుతాయి. పొద్దున్నే సాలు పట్టిన ఆడమనిషి సాయంత్రం దాకా నడుం వంచి, పండిన కాయను పచ్చి కాయలోంచి వేరుచేసి తుంచుతూ పోతుంది. ఆ పనిలో కంటికీ చేతికీ క్షణం తీరిక ఉండదు. చెవికీ నోటికీ మాత్రం పనేమీ ఉండదు. పొడుపు కథకు కావలసింది ఆ రెండే. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి తన పని తాను చేసుకుపోతుంటే మనసు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలోకి వచ్చేవి ఎండ, నడుం నొప్పి, ఇంటి దగ్గర వదిలేసి వచ్చిన పసిపిల్ల, తీర్చాల్సిన అప్పు. వాటికి బదులు ఒక ప్రశ్న వస్తే పనికి వచ్చిన నష్టమేమిటి?

చాలా తోటల్లో ఏరుడుకు కూలి కిలో లెక్కన ఇస్తారు. చెయ్యి నెమ్మదిస్తే నష్టపోయేది ఏరే మనిషి. ఏ ముచ్చట తన చేతిని ఆపుతుందో, ఏది ఆపదో ఆమెకు తెలిసినంతగా గట్టు మీద నిలబడ్డ మనిషికి తెలియదు. ఆమె తన కూలిని పణంగా పెట్టి మరీ పొడుపు వేస్తోందంటే దానివల్ల తన పని సాగుతుందని ఆమెకు తెలుసన్నమాట. ఉపాధి హామీ పనిదీ అదే కథ. 2006లో ఆ పథకం మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో ఖమ్మం కూడా ఉంది. తవ్విన మట్టి కొలతను బట్టి గుంపుకు కూలి పడుతుంది. గుంపులో ఒకరు చెయ్యి దించితే ఆ భారం మిగతా అందరి మీదా పడుతుంది. పని చెడగొట్టే మాటను ఆపడానికి ఆసామి అక్కర్లేదు, పక్కనున్న వదినే ఆపుతుంది.

ప్రపంచం ఈ విషయాన్ని ఎప్పుడో పరీక్షించి చూసింది. క్యూబాలోని హవానాలో చుట్టల ఫ్యాక్టరీ కార్మికులు 1865లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఒక మనిషి ఎత్తు మీద కూర్చుని వార్తలూ నవలలూ పైకి చదువుతుంటే మిగతావాళ్ళు వింటూ పొగాకు చుట్టేవారు. చదివే మనిషికి జీతం ఇచ్చింది యజమాని కాదు. కార్మికులే తమ కూలిలోంచి తలా ఇంత వేసుకుని ఇచ్చారు. ఏడాది తిరగకముందే వలస ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పనికి సంబంధం లేని మాటలు కార్మికుల దృష్టి మళ్ళిస్తున్నాయన్నది పైకి చూపిన కారణం. కార్మికులు ఆలోచిస్తున్నారన్నది లోపలి భయం. నిషేధం పోయింది, చదువు తిరిగి వచ్చింది, తరతరాలు నిలిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు ఆయుధాల ఉత్పత్తి ప్రాణాల మీదికి వచ్చిన సమస్య. సరిగ్గా ఆ సమయంలో, 1940 జూన్‌లో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ కోసమని బీబీసీ ప్రత్యేకంగా సంగీత కార్యక్రమం మొదలుపెట్టి 1967 దాకా నడిపింది. చెవికి పని దొరికితే చెయ్యి ఆగదని నమ్మబట్టే ఆ పని చేశారు. అంత దూరం వెళ్ళకుండా మన మాగాణి చూసినా చాలు. నాట్ల పాట లేని నాట్లు మన తాతల కాలంలో ఉన్నాయా? పాటను ఒప్పుకున్న ఆసామి పొడుపును ఎందుకు ఒప్పుకోడు?

అవతలి పక్షం మాటలో నిజమున్న చోట దాన్ని ఒప్పుకోవాల్సిందే. నూర్పిడి మిషను దగ్గర, కరెంటు స్తంభం మీద, పురుగుమందు కొట్టేటప్పుడు, బొగ్గుబాయిలో పైకప్పు కింద, బస్సు స్టీరింగు ముందు పొడుపు కథ వద్దు. అక్కడ చెవి కూడా పనిలో భాగం. మిషను చప్పుడు మారిందని తెలియాల్సింది చెవితోనే. ఒకరి ప్రాణం ఇంకొకరి జాగ్రత్త మీద ఆధారపడిన చోట ఏ ముచ్చటైనా తప్పే. అంకెలు కూడే గుమస్తాను మధ్యలో ఆపి ప్రశ్న వేయడమూ తప్పే. కానీ ఈ మినహాయింపులు చూపించి అన్ని పనుల్లోనూ నోరు కట్టేయమనడం న్యాయం కాదు. సద్ది వేళ, టీ వేళ, సాలు సాగుతున్న వేళ, ఆటోలో ఇంటిదారి పట్టిన వేళ, ఇవన్నీ పొడుపు కథ వేళలే.

పని చెడుతుందనే మాట వెనక పైకి చెప్పని ఇంకో కారణం కూడా ఉంది. దండి తన కావ్యాదర్శంలో పదహారు రకాల ప్రహేళికలు చెప్పి, అవి ఎక్కడెక్కడ పనికొస్తాయో కూడా చెప్పాడు. వినోద గోష్ఠిలో పనికొస్తాయి. అంతేకాదు, నలుగురి మధ్య ఉండి కూడా తెలిసినవాళ్ళతో గుట్టుగా మాట్లాడుకోవడానికి పనికొస్తాయి. ఈ రెండో ప్రయోజనం కూలి పని చేసేవాళ్ళకు ఎప్పటి నుంచో తెలుసు. కాంటా దగ్గర మోసం జరుగుతోందని ఎదురుగా చెప్తే రేపు పని ఉండదు. పొడుపుగా వేస్తే ఎవరూ తప్పు పట్టలేరు: "అటు మొగ్గితే ఆసామికి, ఇటు మొగ్గితే మేస్త్రికి, నడిమిట్ల నిలబడే రోజే రాలేదు. ఏంది పిన్నీ అది?" విప్పే పిన్ని నవ్వి "కాంటా ముల్లు" అనేసరికి సాలు మొత్తానికి సంగతి తెలిసిపోతుంది. ఆ రోజు తూకం దగ్గర నాలుగు కళ్ళు ఎక్కువగా ఉంటాయి. గట్టు మీది మనిషికి పొడుపు నచ్చకపోవడానికి పని నెమ్మదించడమే కారణమని నేను నమ్మను. తనకు అర్థం కాని మాట తన తోటలో తిరగడం ఆయనకు నచ్చదు.

రెండో ఆరోపణ, ఇది పిల్లల ఆట, చదువురానివాళ్ళ కాలక్షేపం అన్నది. ఈ మాట నేలకొండపల్లిలో నిలబడి అనడం మరీ అన్యాయం. ఈ ఊరు రామదాసు పుట్టిన ఊరని, బౌద్ధ మహాస్తూపం ఉన్న ఊరని లోకానికి తెలుసు. విరాటరాజు కొలువు ఇక్కడే ఉండేదని, కీచకుడు చచ్చింది ఇక్కడేనని ఊరివాళ్ళు దిబ్బలూ గుండాలూ చూపించి మరీ చెప్పుకుంటారు. అది చరిత్రా, నమ్మకమా అన్న వాదం ఇక్కడ అక్కర్లేదు. ఆ నమ్మకం ఉన్నవాళ్ళు ఒక్క సంగతి గుర్తు చేసుకోవాలి. పాండవులు విరాటుడి కొలువుకు చేరడానికి దారి చూపింది ఒక ప్రశ్నల వరసే. అరణ్యపర్వం చివర, ఎర్రన తెలుగు చేసిన భాగంలో, చెరువు గట్టున యక్షుడు ధర్మరాజుకు ప్రశ్న మీద ప్రశ్న వేస్తాడు. గాలికంటే వేగమైనది ఏది, గడ్డికంటే ఎక్కువగా మొలిచేది ఏది అన్న తరహా ప్రశ్నలవి. మనసు, చింత అని జవాబులు. మన పొలాల్లో తిరిగే పొడుపు కథల అచ్చే అది. జవాబులు విని మెచ్చిన యక్షుడు, తాను ధర్ముణ్ణని చెప్పి, పదమూడో ఏడు విరాట నగరంలో ఎవరి కంటా పడకుండా గడుపుతారని వరమిస్తాడు. పిల్లల ఆటకు అంత బరువు పెట్టాడా వ్యాసుడు?

ఆ కథలో అసలు పరీక్ష చివర ఉంది. చచ్చి పడున్న నలుగురు తమ్ముళ్ళలో ఒక్కణ్ణే బతికిస్తాను, ఎవరు కావాలో చెప్పమంటాడు యక్షుడు. భీముణ్ణో అర్జునుణ్ణో కోరుకుంటాడని అందరం అనుకుంటాం. ధర్మరాజు నకులుణ్ణి కోరతాడు. కుంతికి ఒక కొడుకుగా తాను ఉన్నాను కాబట్టి మాద్రికీ ఒక కొడుకు ఉండాలంటాడు. ఆ జవాబు పదునైన బుర్రలోంచి వచ్చింది కాదు, పక్కవాళ్ళ మీది న్యాయంలోంచి వచ్చింది. యక్షుడు నలుగురినీ బతికించింది ఆ జవాబు విన్న తర్వాతే. ప్రశ్న వేయడం ఎందుకన్న దానికి మన సంప్రదాయం చెప్పిన సమాధానం ఇదే. ఎదుటివాడి తెలివి తూచడానికి కాకుండా వాడు ఎలాంటి మనిషో తెలుసుకోవడానికి ప్రశ్న వేస్తాం.

అరవై నాలుగు కళల పట్టికలో వాత్స్యాయనుడు ప్రహేళికను చేర్చాడు, సమస్యాపూరణాన్నీ చేర్చాడు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన, మహావీరాచార్యుడి లెక్కల పుస్తకాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్క కూడా మనకు పొడుపులాగే, నలుగురిలో పైకి చదివి విప్పే పద్యంగానే అందింది. అవధానంలో పృచ్ఛకుడు ఒక అసాధ్యమైన పాదం ఇస్తే అవధాని దాన్ని సాధ్యం చేస్తాడు. జనం పనిగట్టుకుని వచ్చి మరీ చూస్తారు, దాన్ని పాండిత్యం అంటారు. ఏరుడులో ఒకత్త అసాధ్యంగా వినిపించే మాట వేస్తే ఇంకొకత్త దాన్ని సాధ్యం చేస్తుంది. దాన్ని కాలక్షేపం అంటారు. రెండింటి నిర్మాణం ఒకటే. తేడా వేదికలో ఉంది, కట్టిన బట్టలో ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు జానపద సాహిత్యాన్ని పరిశోధనగా నిలబెట్టారు. కసిరెడ్డి వెంకటరెడ్డి పొడుపు కథల మీదే పరిశోధన చేశారు. విశ్వవిద్యాలయం గౌరవించినదాన్ని మండలాఫీసు పిల్లల ఆట అనడం చిన్నచూపు తప్ప మరొకటి కాదు.

చదువురానివాళ్ళకు ఆలోచన తక్కువన్న మాటకు శాస్త్రం పేరుతో బలం చేకూర్చిన సంఘటన ఒకటుంది. 1931, 1932 సంవత్సరాల్లో రష్యా మనస్తత్వ శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో రైతులను ప్రశ్నలడిగాడు. మంచు కురిసే దూరపు ఉత్తరాన ఎలుగుబంట్లన్నీ తెల్లగా ఉంటాయి. ఫలానా చోటు ఆ ఉత్తరానే ఉంది. అక్కడి ఎలుగుబంట్ల రంగేమిటి? తెల్లరంగని చెప్తే తార్కికంగా ఆలోచించినట్టు. ఆ రైతుల్లో చాలామంది, మేమక్కడికి పోలేదు, పోయినవాళ్ళను అడగండి అన్నారు. వాళ్ళకు అమూర్తమైన ఆలోచన రాలేదని లూరియా తేల్చాడు. నాకు ఆ జవాబులో మరొకటి కనిపిస్తుంది. ఎక్కణ్ణుంచో వచ్చిన అధికారి, నోటుబుక్కు పట్టుకుని, తమ భూములు ప్రభుత్వం లాక్కుంటున్న రోజుల్లో అడిగిన ప్రశ్న అది. తెలియని సంగతి మీద సాక్ష్యం చెప్పనన్న రైతు తార్కికంగానే ఆలోచించాడు. అదే మనిషికి తనవాళ్ళ మధ్య పొడుపు వేస్తే, చూడని వస్తువును ఊహించి విప్పగలడు. ఎందుకంటే అక్కడ అడిగేవాడూ విప్పేవాడూ సమానం. వేసినవాడు రేపు విప్పాలి, విప్పినవాడు ఇప్పుడే వేయాలి. లూరియాకూ ఆ రైతులకూ మధ్య ఆ సమానత్వం లేదు. మన ఇంటర్వ్యూ గదుల్లోనూ లేదు.

ఇప్పుడు రెండో పక్షం, పజిళ్ళు మెదడుకు పదును పెడతాయనేవాళ్ళ సంగతి. వీళ్ళు నా పక్షమే కదా అని ఊరుకోవచ్చు. కానీ అబద్ధపు ఆధారం మీద నిలబెట్టిన మంచి మాట ఎక్కువ కాలం నిలబడదు. ఎడ్వర్డ్ డి బోనో 1967లో, నేరుగా కాకుండా పక్కనుంచి ఆలోచించే పద్ధతికి ఇంగ్లీషులో ఒక పేరు పెట్టాడు. ఆ పేరుతో పుస్తకాలొచ్చాయి, శిక్షణలొచ్చాయి, మనుషుల్ని వడపోసే ఇంటర్వ్యూలొచ్చాయి. ఆ ఇంటర్వ్యూ పద్ధతికి పేరుమోసిన గూగుల్ సంస్థ సంగతే చూడండి. ఆ సంస్థ ఉద్యోగుల విభాగాధిపతి లాజ్లో బాక్ 2013లో, చిక్కు ప్రశ్నలు పూర్తిగా కాలం వృథా, మనిషి ఎలా పనిచేస్తాడన్నది వాటితో తెలియదని బహిరంగంగా చెప్పేశాడు. 2010లో నేచర్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 11,430 మంది ఆరు వారాల పాటు కంప్యూటరు మీద మెదడు వ్యాయామాలు చేశారు. చేసిన ఆటలో మెరుగయ్యారు. ఆ మెరుగు చేయని ఆటలకు పాకలేదు. 2016లో అమెరికా వాణిజ్య కమిషన్, మెదడు ఆటలు అమ్మే లుమోసిటీ సంస్థ మోసపు ప్రకటనలు చేసిందంటే, ఆ సంస్థ 20 లక్షల డాలర్లు కట్టి బయటపడింది.

కాబట్టి పొడుపు కథలు విప్పితే లెక్కలు బాగా వస్తాయని, మతిమరుపు రాదని, ప్రమోషను దొరుకుతుందని నేను చెప్పను. అలా చెప్పేవాళ్ళను నమ్మవద్దని కూడా చెప్తున్నాను. పొడుపు కథకు ఆ అబద్ధాల అవసరం లేదు. అది చేసే మేలు వేరే ఉంది, దానికి ఆధారాలూ ఉన్నాయి.

1966లో పీటర్ వాసన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త నాలుగు చీట్ల చిక్కు ఒకటి తయారుచేశాడు. చీటికి ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. ఒక నియమం చెప్పి, అది నిజమో కాదో తేల్చడానికి ఏయే చీట్లు తిప్పాలో అడుగుతారు. చూడ్డానికి తేలిక. చదువుకున్నవాళ్ళు కూడా పదికి తొమ్మిదిమంది తప్పు చెప్తారు. 1998లో మాష్‌మన్, గైల్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు ఇదే చిక్కు ఇచ్చారు. ఒంటరిగా కూర్చున్నవాళ్ళలో నూటికి 9 మంది సరిగా చెప్పారు. ఐదారుగురు కలిసి మాట్లాడుకున్న గుంపుల్లో నూటికి 75 గుంపులు సరైన జవాబుకు చేరాయి. గుంపులో ఒక తెలివైనవాడు ఉండి అందరికీ చెప్పేశాడనుకుంటే ఈ తేడా రాదు. ముందు ఎవరికీ జవాబు తెలియని గుంపులు కూడా మాట మీద మాట పెరిగి, తప్పును తప్పని ఒకరికొకరు చెప్పుకుని, చివరికి దారి కనుక్కున్నాయి. ఒంటరి బుర్ర చేయలేని పనిని కలిసిన బుర్రలు చేశాయి. పని చేసే చోట మనకు కావలసింది సరిగ్గా ఇదే కదా?

మన తోటలోంచే ఒక చిక్కు వేస్తాను. కొంచెం ఆగి ఆలోచించండి. ఒక రైతు మిరప తోట నీళ్ళకోసం మొహం వాచి ఉంది. పక్కనే సాగర్ కాలువ నిండుగా పారుతోంది. మోటారు బాగుంది, కరెంటు ఉంది, రైతు ఖాళీగానే ఉన్నాడు. అయినా ఆ సాయంత్రం అతను తడి పెట్టలేదు. ఊరంతా అతణ్ణి తెలివైనవాడంది. ఎందుకు? అవును, కాదు అన్న జవాబులు మాత్రమే వచ్చే ప్రశ్నలు వేసుకుంటూ పోవాలి. వాన వస్తుందా? కాదు. మందు కొట్టాడా? కాదు. తోటకు తెగులా? కాదు. మర్నాటితో సంబంధం ఉందా? అవును. మర్నాడు ఎవరైనా వస్తున్నారా? అవును. అక్కడ ఏరుడుకు పోయే మనిషి టక్కున చెప్తుంది: రేపు కాయ ఏరడానికి ముఠా వస్తోంది, ఇవాళ తడి పెడితే సాళ్ళలో కాలు దిగబడుతుంది, ఏరిన కాయకు బురద అంటుతుంది. ఏరుడు అయిన తర్వాత తడి పెడతాడు. వ్యవసాయాధికారి, బ్యాంకు మేనేజరు, టీచరు, కూలి మనిషి ఒకచోట కూర్చుని ఈ చిక్కు పట్టుకుంటే, బురదలో నడిచిన కాలు ఉన్న మనిషి ముందుగా ఒడ్డున పడుతుంది. ఆ క్షణంలో ఆమె చెప్తుంటే మిగతావాళ్ళు వింటారు. మన ఆఫీసుల్లో, తోటల్లో అలాంటి క్షణాలు మరెక్కడ దొరుకుతాయి?

పని చేసే చోట ఎవరికేం తెలుసో చాలాసార్లు పక్కవాళ్ళకే తెలియదు. అటెండరుకు ఊరి భూముల చరిత్ర తెలుసు, ఎవరూ అడగరు. కొత్తగా చేరిన అమ్మాయికి కంప్యూటరులో చిక్కు విప్పడం తెలుసు, పెద్ద సారు ముందు నోరు తెరవదు. పనిలో తప్పు జరుగుతోందని చూసినవాళ్ళు చెప్పకపోవడానికి కారణం తెలివి తక్కువవడం కాదు, మాట్లాడే అలవాటు లేకపోవడం. పొడుపు కథ ఆ అలవాటు చేస్తుంది. "నాకు తెలియదు" అనడానికి సిగ్గుపడక్కర్లేని ఆట అది. తప్పు జవాబు చెప్పినా ఎవరి జీతమూ పోదు. పెద్దవాడు ఓడిపోయినా పరువు పోదు. సద్ది దగ్గర "అది కాదత్తా, ఇంకోసారి చూడు" అని నవ్వుతూ చెప్పగలిగిన కోడలు, రేపు పురుగుమందు తప్పుగా కలుపుతుంటే కూడా "అది కాదత్తా" అనగలుగుతుంది. కోయ మాట్లాడే ముఠా, తెలుగు మాట్లాడే ముఠా ఒకే తోటలో దిగినప్పుడు మొదటి రెండు రోజులూ ఎవరి సాలు వాళ్ళదే. వాళ్ళ మధ్య పొడుపు కథ నడవడానికి పెద్ద భాష అక్కర్లేదు. కాయ, కంకి, చీమ, మేక, చందమామ ఇద్దరివీ. మిగతా మాటలు చేతులు చూపించి నడుపుకోవచ్చు.

ఇన్ని చెప్పినా కొందరు చివరి మాటగా, ఫోను వచ్చాక ఇవన్నీ అందులోనే ఉన్నాయి కదా, గ్రూపులో రోజూ పదొస్తాయి అంటారు. వస్తాయి. ప్రశ్నతో పాటు జవాబూ వస్తుంది. ఎవరు వేశారో తెలియదు, ఎవరు విప్పారో తెలియదు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉండాల్సిన సమయాన్ని ఆ ఫార్వర్డు తీసేసింది. పొడుపు కథలో విలువైనది ఆ సమయమే. జవాబు చెప్పకుండా ఓపిక పట్టిన వదిన, మూడు సాళ్ళు దాటినా వదలకుండా ఆలోచించిన మరదలు, మధ్యలో ఒక ఆధారం అందించిన పిన్ని, వీళ్ళు ముగ్గురూ లేకుండా మిగిలేది సమాచారం మాత్రమే. ఫోనులో పది పజిళ్ళు పంపినవాడికంటే ఎదురుగా కూర్చుని ఒక్కటి వేసినవాడు తోటివాళ్ళకు ఎక్కువ ఇస్తున్నాడు.

ఆటకు మర్యాద ఉండాలన్న మాట మాత్రం నేను గట్టిగా పట్టుకుంటాను. కులం మీద, ఒంటి రంగు మీద, అవిటితనం మీద, ఆడవాళ్ళ మీద కట్టిన పొడుపులు మన దగ్గర లేకపోలేదు. వాటిని పని దగ్గరకు తేవద్దు. ఒకరు నొచ్చుకుంటే మిగతావాళ్ళ నవ్వుకు అర్థం లేదు. అధికారి ప్రశ్న వేసి కింది ఉద్యోగి నోరు మూయించడం ఆట కాదు, అవమానం. బహుమతులు పెట్టవద్దు, మార్కులు వేయవద్దు, ఎవరు ఎన్ని విప్పారో పట్టిక కట్టవద్దు. లెక్క మొదలైన రోజున ఆట పరీక్ష అయిపోతుంది. విప్పినవాళ్ళు తర్వాతిది వేయాలి, వేసినవాళ్ళు అడిగితే ఆధారం ఇవ్వాలి. వద్దన్న మనిషిని బలవంతపెట్టకూడదు. పాత పొడుపులే వల్లించకుండా చుట్టూ ఉన్న పని మీద కొత్తవి కట్టాలి. నలుగురు పంచుకుంటే తరిగేది, ఒక్కరి మీద పడితే పెరిగేది ఏమిటి? పని. ఇలాంటివి కట్టడానికి పాండిత్యం అక్కర్లేదు, చేసే పనిని కళ్ళు తెరిచి చూస్తే చాలు.

ఆసాములకు నా విన్నపం ఒక్కటే. ఏరుడు రోజున గట్టు మీద నిలబడి నోళ్ళు మూయించకండి. సాయంత్రం కాంటా దగ్గర కాయ బరువు చూడండి, తగ్గితే అప్పుడు మాట్లాడండి. అధికారులకు, హెడ్‌మాస్టర్లకు, మేనేజర్లకు చెప్పేది: శిక్షణకని నగరం నుంచి మనుషుల్ని పిలిపించి పజిళ్ళు ఆడించే ముందు, మీ ఆఫీసు ఊడ్చే అమ్మను సద్ది వేళ ఒక పొడుపు వేయమని అడగండి, విప్పడానికి మీరు కూర్చోండి. పనిచేసే అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు చెప్పేది ఇంకా చిన్నది. మీ అమ్మమ్మ వేసిన పొడుపులు మీతో ఆగిపోకూడదు. రేపు పనిలోకి వెళ్ళినప్పుడు పక్క మనిషికి ఒకటి వేయండి. జవాబు మాత్రం వెంటనే చెప్పకండి.